మాట తెలుసు, నోరు తిరగట్లేదు

పత్తి తీతలు ఓ కొలిక్కొచ్చి మిరప కోతలు ఊపందుకున్న రోజులివి. ఎవరిని పలకరించినా కూలీలు దొరకట్లేదనీ, యార్డులో ధర నిలబడుతుందో లేదోననీ అదే ధ్యాస. ఇంత హడావుడిలోనూ ఓ పూట నా దగ్గర కూర్చోండి. ఈసారి ముచ్చట మాటలు సరిగ్గా రాని పిల్లల గురించి. వాళ్లలోనూ ఒక రకం పిల్లల గురించే చెబుతాను. చెవులు బాగా వినపడతాయి, మనం చెప్పింది అర్థమవుతుంది, ఏం కావాలో తెలుసు, చెప్పాలన్న ఆరాటమూ ఉంటుంది. నోరు మాత్రం తిరగదు.

మా చెల్లెలి కొడుకు ఇలాంటివాడే. మేం బుజ్జిగాడంటాం. వాళ్లది నరసరావుపేట దగ్గర పల్లె. ఆకలేస్తే అడగలేక కంచం తెచ్చి వాళ్లమ్మ ముందు పెట్టేవాడు. నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు కల్లంలో ఆరబోసిన కాయలు చూపించి "ఇవేంట్రా?" అని అడిగాను. ఒకసారి "మిపకాయ" అన్నాడు. మళ్లీ అడిగితే "పికాయ" అన్నాడు. మూడోసారి పెదాలు అటూ ఇటూ తిప్పి, నాలుక ఎక్కడ పెట్టాలో వెతుక్కుని "మాకాయ" అన్నాడు. ఇంకోసారి అడిగేసరికి తల అడ్డంగా ఊపి లేచిపోయాడు. అదే పిల్లాడు ఆ సాయంత్రం ఆటలో పడి, ఎవరూ అడక్కుండానే, "అమ్మా దా" అని స్పష్టంగా పిలిచాడు. "చూశావా, మొండితనం! చెప్పాలనుకుంటే చెబుతాడు" అన్నారు చుట్టాలు. మొండితనం కాదమ్మా అది. ఆ రెండు సంగతులూ, అంటే అడిగినప్పుడల్లా ఒక్కో తీరుగా రావడం, అడక్కుండా ఉంటే ఒక్కోసారి చక్కగా రావడం, డాక్టరు దగ్గర మొట్టమొదట చెప్పాల్సిన గుర్తులు.

ఏమిటీ కష్టం

మనవైపు మాట తేడాగా ఉన్న ప్రతి పిల్లాడికీ 'నత్తి' అని ఒకటే పేరు పెట్టేస్తారు. కాస్త విడదీసి చూద్దాం. 'మిరపకాయ' అనడానికి ముందు పెదాలు మూసుకోవాలి, వెంటనే నాలుక కొస పైకి లేవాలి, మళ్లీ పెదాలు మూసుకోవాలి, ఆ తర్వాత నాలుక వెనకభాగం అంగిలికి తగిలి దిగాలి. ఊపిరి, గొంతు, దవడ అన్నీ దానికి తగ్గట్టు నడవాలి. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. ఈ కదలికల వరుసని మెదడు ముందే సిద్ధం చేసి పంపుతుంది. ఆ వరుస కుదరకపోతే దాన్ని అప్రాక్సియా అంటారు. ముగ్గు మనసులో కనిపిస్తూనే ఉంటుంది, చుక్కలెన్నో తెలుసు, మెలిక దగ్గర చెయ్యి తిరగదు చూడండి, అలాంటి ఇబ్బంది. కండరాలకి బలం ఉంటుంది, తెలివీ ఉండొచ్చు.

రెండోది డిస్ఆర్థ్రియా. ఇందులో కండరాలకే పట్టు తక్కువ, లేకపోతే బిగుసుకుపోయి ఉంటాయి. పుట్టినప్పుడు వెంటనే ఏడవక, లేదా నెలలు నిండకుండా పుట్టి, సెరిబ్రల్ పాల్సీ వచ్చిన పిల్లల్లో ఎక్కువగా చూస్తాం. మాట ముద్దగా, నెమ్మదిగా, బలం లేకుండా వస్తుంది. చొంగ కారుతుంది. తప్పు కూడా ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. కొందరు పిల్లల్లో రెండూ కలిసి ఉంటాయి.

అప్రాక్సియా వెయ్యి మంది పిల్లల్లో ఒకరికో ఇద్దరికో వస్తుందని అంచనా. అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల సంఘం 2007లో దీనికి మూడు ముఖ్యమైన గుర్తులు చెప్పింది. అదే మాటని మళ్లీ మళ్లీ చెప్పిస్తే తప్పులు మారిపోతూ ఉండటం ఒకటి. ఒక శబ్దం నుంచి ఇంకో శబ్దానికి వెళ్లేటప్పుడు సాగదీసినట్టో తెగినట్టో ఉండటం రెండోది. మాట ఎత్తుపల్లాలు, రాగం సరిగ్గా లేకపోవడం మూడోది. మన తెలుగులో వీటితో పాటు ఒత్తులూ దీర్ఘాలూ కూడా గమనించండి. 'పత్తి' అనబోయి ఒకసారి 'పతి' అంటాడు, ఒకసారి 'పాతి' అంటాడు. చిన్న మాట వస్తుంది, పొడుగు మాట దగ్గర చిక్కుకుంటాడు.

"నేనేం పాపం చేశానక్కా? గ్రహణం రోజు కూర కోశాననా? కడుపుతో ఉన్నప్పుడు పొలంలో మందు కొట్టే చోట తిరిగాననా?" అని మా చెల్లెలు ఏడ్చేది. తల్లులందరికీ నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఇది మీరు మాట్లాడించకపోవడం వల్లో, ముద్దు చేయడం వల్లో వచ్చింది కాదు. లండన్‌లో ఒక కుటుంబంలో మూడు తరాల్లో సుమారు సగం మందికి ఇలా నోరు తిరగని ఇబ్బంది ఉండేది. ఆ కుటుంబాన్ని పరిశీలించి 2001లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఫాక్స్‌పీ2 అనే జన్యువులో మార్పుని కనిపెట్టారు. చాలామంది పిల్లల్లో స్కానింగ్ తీసినా ఏ కారణమూ కనబడదు. కనబడనంత మాత్రాన ఆ నింద తల్లి నెత్తిన వేయకండి.

ఎప్పుడు కదలాలి, ఎక్కడికి వెళ్లాలి

ఏడాది నిండేసరికి ఒకటీ అరా మాట రావాలి. రెండేళ్లకి రెండేసి మాటలు కలపాలి. మూడేళ్లకి బయటివాళ్లకి కూడా చాలావరకు అర్థమవ్వాలి. "వాళ్ల నాన్నకీ అయిదేళ్లకిగానీ రాలేదు" అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. ప్రేమతోనే చెబుతారు, కాదనను. కొందరికి దానంతట అదే వస్తుంది కూడా. కానీ మీ బిడ్డ ఆ కొందరిలో ఉన్నాడో లేడో చూసి చెప్పడానికి చదువుకున్నవాళ్లు ఉన్నారు. చూపించినందువల్ల పోయేదేమీ లేదు. ఒకవేళ వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగకండి, పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లిపోండి.

మొదట చెవుల పరీక్ష. పిలిస్తే పలుకుతున్నాడు కదా అని వదిలేయకండి. కొన్ని శబ్దాలే వినపడని పిల్లలుంటారు. గుంటూరు పెద్దాసుపత్రిలో గానీ, ఒంగోలు సర్కారీ ఆసుపత్రిలో గానీ ఈఎన్‌టీ విభాగంలో వినికిడి పరీక్షకి రాయించుకోండి.

అంత దూరం వెళ్లలేనివాళ్లకి దారి ఊళ్లోనే మొదలవుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద వైద్య బృందం అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడి పిల్లల్ని ఒకసారి చూడాలి. పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకి ఇది వర్తిస్తుంది. వాళ్లు చూసే లోపాల్లో మాటలు ఆలస్యం కావడం కూడా ఉంది. ఆ బృందం వచ్చే రోజు ఎప్పుడో అంగన్‌వాడీ టీచర్నో ఆశా అమ్మాయినో అడిగి తెలుసుకుని, ఆ రోజు కూలికి వెళ్లినా పిల్లాడిని మాత్రం కేంద్రంలో ఉంచండి. వాళ్లు కాగితం రాసి డీఈఐసీకి, అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. ఆ కేంద్రాల్లో పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టుతో పాటు వినికిడి, మాట చూసే నిపుణులు కూడా ఉండాలని ఆ పథకం నియమం. 2022లో జిల్లాలు విడిపోయాక ఎవరి జిల్లా ఏదో, ఎక్కడికి వెళ్లాలో చాలామంది తికమక పడుతున్నారు. కాబట్టి కాగితం మీద ఏ ఆసుపత్రి, ఏ విభాగం అన్నది స్పష్టంగా రాయించుకోండి.

బడి వయసు పిల్లలకి మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. సమగ్ర శిక్ష కింద నడుస్తుంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి నేర్పే టీచర్లు ఉంటారు. ఆ టీచర్ మాట చికిత్స చేసే నిపుణులు కాకపోయినా, థెరపిస్టు ఇచ్చిన మాటల జాబితా పట్టుకుని రోజూ సాధన చేయించగలరు. ఈ రెండు చేతులూ కలిపే పని మనదే. థెరపిస్టు రాసిచ్చిన కాగితం జిరాక్స్ తీసి టీచర్ చేతిలో పెట్టండి.

పెద్ద సంస్థల సంగతికొస్తే మనకి దగ్గరలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ ఉంది. అక్కడ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. వినికిడి, మాట లోపాలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ అక్కడే. ఇంకా దూరం వెళ్లగలిగితే మైసూరులో 1965 నుంచి నడుస్తున్న ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్. మన దేశంలో ఈ చదువుకి పెద్ద దిక్కు అదే. నెలనెలా అక్కడికి తిరగమని నేను చెప్పను. ఒకసారి వెళ్లి, ఇది ఏ రకమో తేల్చుకుని, ఏం చేయాలో రాయించుకుని వస్తే చాలు. రోజువారీ సాధన మన ఊళ్లోనే జరగాలి.

పట్నాల్లో వీధికో స్పీచ్ థెరపీ బోర్డు కనబడుతోంది ఇప్పుడు. లోపలికెళ్లే ముందు ఒక్క మాట అడగండి, "మీ ఆర్‌సీఐ నంబరు చెబుతారా అండీ?" అని. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదైన వాళ్లకే ఈ పని చేసే అర్హత ఉంటుంది. బీఏఎస్‌ఎల్‌పీ అని నాలుగేళ్ల డిగ్రీ చదివిన వాళ్లు సంతోషంగా చెబుతారు.

ఇంకో చిట్కా. కొత్త చోట మన పిల్లలు బిగుసుకుపోయి నోరే విప్పరు. అందుకని ఇంట్లో ఆడుకునేటప్పుడు, అన్నం తినేటప్పుడు, ఒకే మాటని రెండు మూడుసార్లు చెప్పించి ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్లండి. బుజ్జిగాడు థెరపిస్టు గదిలో గంటసేపు నోరు తెరవలేదు. "మిరపకాయ" వీడియో చూశాకే ఆవిడ తల ఊపి, కాగితం తీసి రాయడం మొదలుపెట్టారు.

ఏ చికిత్స, ఎన్నిసార్లు

ఇక్కడ చెవులు రిక్కించి వినండి, ఈ ముచ్చట మొత్తానికి ఇదే గుండెకాయ. అప్రాక్సియాకి మందు లేదు, ఆపరేషన్ లేదు. సాధనే మందు. ఆ సాధన ఎలా ఉండాలో ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకుంటున్న సంగతులు కొన్ని ఉన్నాయి. మాటలే పలికించాలి. చాలాసార్లు పలికించాలి. తరచుగా, కొద్దికొద్దిగా చేయించాలి.

చిన్న పిల్లలకీ, ఇబ్బంది ఎక్కువగా ఉన్నవాళ్లకీ డీటీటీసీ అనే పద్ధతి వాడతారు. అమెరికాలో మేయో క్లినిక్‌కి చెందిన ఎడిత్ స్ట్రాండ్ దాన్ని రూపొందించారు. ఆవిడ పాఠాలు వీడియోలుగా ఇంటర్నెట్లో ఉచితంగానే దొరుకుతాయి. ఇంగ్లీషులో ఉంటాయి, మనకోసం కాకపోయినా మన థెరపిస్టు చూడొచ్చు. నాలుగేళ్లు దాటిన పిల్లలకి రెస్ట్ అని ఇంకో పద్ధతి. ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయం తయారుచేసింది. దాని సమాచారం కూడా ఉచితమే. అందులో అర్థం లేని కొత్త కొత్త పదాలు పలికిస్తారు. అలవాటైన తప్పు అడ్డురాకుండా నోరు కొత్త వరుస నేర్చుకోవడానికి అది దారి. 2015లో 4 నుంచి 12 ఏళ్ల పిల్లలు 26 మందికి రెండు పద్ధతులు పోల్చి చూశారు. ఒకటి ఈ రెస్ట్, ఇంకోటి లండన్‌లో పుట్టిన నఫీల్డ్ పద్ధతి. రెండింటితోనూ మాట మెరుగైంది. నాలుగు నెలలయ్యాక కూడా నేర్చుకున్నది ఎక్కువగా నిలిచింది రెస్ట్‌లో.

ఆ చికిత్స ఎలా సాగిందో తెలుసా? వారానికి నాలుగు రోజులు, రోజుకో గంట, మూడు వారాలు. గంటలో వందసార్లు పలికించడం. నెలకోసారి పట్నం వెళ్లి అరగంట కూర్చుని రావడానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. ఇది మనకి ఒకందుకు మంచి కబురే. ఏడాది పొడుగునా పట్నం తిరగలేకపోయినా, కొన్ని వారాలు గట్టిగా పట్టుకోవచ్చు. మన వ్యవసాయానికీ ఓ ఊపిరి తీసుకునే కాలం ఉంది. కోతలు అయిపోయి, కాయ కోల్డ్ స్టోరేజీకి చేరి, మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకి సెలవులిచ్చే రోజులు. బడికీ సెలవులే. ఆ మూడు వారాలు పట్నంలో చుట్టాలింట్లో ఉండి రోజూ చేయించే ఏర్పాటు గురించి థెరపిస్టుతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. సిడ్నీ వాళ్లు ఇదే పద్ధతిని వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలూ చేసి చూశారు, వీడియో కాల్‌లోనూ చేసి చూశారు, పిల్లలు మెరుగయ్యారు. కాబట్టి కోతల రోజుల్లో వారానికి రెండు వీడియో కాల్స్, మిగతా రోజుల్లో ఇంట్లో సాధన. మే నెల దాకా ఆగి మొదలుపెట్టమని మాత్రం కాదు, మొదలుపెట్టింది అప్పటిదాకా తెగకుండా చూసుకోమని.

థెరపిస్టుని మొహమాటపడకుండా ఇవి అడగండి. మా వాడి కోసం ఏ మాటలు ఎంచారు? కూర్చున్నంతసేపట్లో ఎన్నిసార్లు పలికిస్తారు? ఇంటికి ఏం పని ఇస్తారు? మాట పలికించకుండా ఈలలు ఊదించడం, బుడగలు ఊదించడం, నాలుక బయటికీ లోపలికీ ఆడించడం, అదే చికిత్స అంటే మర్యాదగా ఇంకొకరిని వెతుక్కోండి. వాటివల్ల మాట వస్తుందనడానికి సరైన రుజువు లేదు.

ఇంట్లో అయిదు నిమిషాలు

థెరపిస్టు ఇచ్చే మాటలు అయిదారు మించవు. అవి బిడ్డకి రోజూ పనికొచ్చేవి అయి ఉండాలి. బుజ్జిగాడికి మొదట ఇచ్చినవి 'అత్తా', 'దా', 'ఇయ్యి', 'వద్దు', 'నాకు'. వాడికి రంగుల పేర్లూ జంతువుల పేర్లూ నేర్పాలని మేం తహతహలాడేవాళ్లం. 'వద్దు' అనగలిగిన రోజున వాడి ఏడుపు సగం తగ్గిపోయింది.

'అత్తా' ఎలా పలికించేవాళ్లమో చెబుతాను. పిల్లాడికి ఎదురుగా, వాడి కళ్లెత్తున కూర్చోవాలి. వెలుతురు మన మొహం మీద పడాలి. "నన్ను చూడు, ఇద్దరం కలిసి అందాం" అని, మాటని సాగదీసి నెమ్మదిగా ఇద్దరూ ఒకేసారి అనాలి. అక్షరం అక్షరం విరగ్గొట్టి 'అ', 'త్తా' అని విడివిడిగా చెప్పించకూడదు. ఒక శబ్దం నుంచి ఇంకోదానికి జారడమే కదా వాడికి రానిది! మాట కుదిరాక వేగం పెంచాలి. ఆ తర్వాత మన గొంతు తగ్గించి పెదాలు మాత్రం కదపాలి. ఆపైన మనం ముందు అని, వాడి చేత వెనక అనిపించాలి. చివరికి అత్తని చూపించి ఊరుకోవాలి, వాడే పిలవాలి. తడబడితే ఒక మెట్టు వెనక్కి రావాలి. ఆ తర్వాత అదే మాటని రాగం మార్చి, దూరంగా ఉన్న అత్తని కేకేసినట్టు, అలిగినట్టు, అడిగినట్టు అనిపించాలి.

అన్నిసార్లు చెప్పించడం ఎలా అంటారా? మా అమ్మ అటక మీది వామనగుంటల పీట దింపింది. మాట ఒకసారి అన్నప్పుడల్లా ఒక చింతపిక్క గుంటలో వేయడం. 14 గుంటల్లో అయిదేసి పడేసరికి 70 సార్లు అయినట్టే. వాడికది ఆట, మాకది లెక్క. సాయంత్రం తొడిమలు తీయడానికి ఆడవాళ్లందరం వసారాలో కూర్చున్నప్పుడు ఒకరం పని ఆపి వాడితో ఆ పీట ముందు కూర్చునేవాళ్లం. ఒకటి జాగ్రత్త, కాయలు పట్టిన చేతులతో పిల్లాడి మొహం ముట్టుకోకండి. ఆ ఘాటుకి కళ్లు మండితే ఆ రోజు సాధన అయిపోయినట్టే. అయిదు నిమిషాలు చాలు, పూటకోసారి చేయండి. వాడికి విసుగొస్తే ఆపేయండి. నలుగురిలో నిలబెట్టి "మామయ్యకి చెప్పు, చెప్పు" అని మాత్రం చెప్పించకండి. తప్పు పలికితే నవ్వే పెద్దమనుషుల నోరు ముందు మూయించండి.

డిస్ఆర్థ్రియా ఉన్న బిడ్డకి కూర్చోబెట్టే తీరే సగం బలం. నడుము, మెడ నిటారుగా, పాదాలు ఆనేలా ఉంటే ఊపిరి అందుతుంది. ఊపిరి నిండా తీసుకుని, నెమ్మదిగా, చిన్న చిన్న ముక్కలుగా మాట్లాడటం నేర్పుతారు. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి వారానికి మూడుసార్లు చొప్పున ఆరు వారాలు ఇలా నేర్పితే, వాళ్ల మాట బయటివాళ్లకి ఇంతకుముందుకన్నా బాగా అర్థమైంది. ఈ పిల్లల్లో మింగడమూ కష్టమే. పడుకోబెట్టి పాలు, గంజి పోయకండి. తినేటప్పుడు పొలమారడం, తరచూ ఆయాసం, దగ్గు ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

మాట వచ్చేదాకా మూగగా ఉంచకండి

సాధన ఫలితం రావడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా బిడ్డ తన మనసులో ఉన్నది ఎలా చెప్పాలి? సైగలు నేర్పండి, బొమ్మలు చూపించమనండి. బొంబాయి ఐఐటీ వాళ్లు చేసిన జెల్లో అనే యాప్ ఉచితం. బొమ్మ నొక్కితే ఫోన్ మాట్లాడుతుంది. చెన్నైలో తయారైన అవాజ్ కూడా ఇలాంటిదే. ఫోన్ లేకపోతే అట్టముక్క మీద నీళ్లు, అన్నం, నొప్పి, దొడ్డికి, ఆట బొమ్మలు అంటించి మెడలో వేయండి. "ఇలా అలవాటు చేస్తే ఇక మాట్లాడడేమో" అని భయపడతారు. 2006లో అమెరికాలో పాత పరిశీలనల్లో నమ్మదగినవి కలిపి చూస్తే, ఇలాంటి సాయం తీసుకున్నందువల్ల మాట తగ్గిన దాఖలా ఒక్కటీ కనబడలేదు, చాలామందిలో పెరిగింది కూడా.

"ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలతో తికమక పడుతున్నాడు" అని బడిలో చెబితే వినకండి. డల్లాస్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ ఉన్న మన పిల్లల తల్లులకీ ఈ మాటే చెబుతుంటారు. రెండు భాషల వల్ల ఈ జబ్బు రాదు, ఒకటి మానేస్తే పోదు. తాతతో, అమ్మమ్మతో మాట్లాడాల్సిన భాషలోనే మొదటి మాటలు ఉండాలి. అమెరికాలో ఉన్నవాళ్లకి అప్రాక్సియా కిడ్స్ అనే తల్లిదండ్రుల సంస్థ ఉంది. ఏటా మే 14న అప్రాక్సియా అవగాహన రోజు జరుపుతారు. అక్కడున్న మన ఆడపడుచులు వాళ్ల సమాచారాన్ని తెలుగు చేసి ఇక్కడి అక్కచెల్లెళ్లకి పంపితే ఎంత మేలో!

కాగితాలు, డబ్బులు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. సెరిబ్రల్ పాల్సీ అందులో ఉంది. నరాల కారణంగా శాశ్వతంగా మిగిలే మాట, భాషా లోపమూ ఉంది. సచివాలయంలో అడిగి, వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి రోజు తీసుకోండి. ఎంత శాతమన్నది డాక్టర్లు తేలుస్తారు. 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఎన్టీఆర్ భరోసా కింద అర్హులైన దివ్యాంగులకి పింఛను 2024 నుంచి నెలకి 6,000 రూపాయలు. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకి నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులకీ అడగొచ్చు. బిల్లులు జాగ్రత్తగా దాచుకోండి.

ఇక డబ్బులు ఎక్కడ పోగొట్టుకోకూడదో కూడా చెప్పాలి. వస కొమ్ము అరగదీసి నాలుకకి రాయడం అమ్మమ్మల కాలం నుంచీ ఉంది. దాంతో ఈ ఇబ్బంది పోదు, ఎక్కువైతే వాంతులవుతాయి. నాలుక కింద నరం నిజంగా బిగుసుకుని ఉంటే డాక్టరే చెబుతారు. అది కోయించినంత మాత్రాన అప్రాక్సియా తగ్గదు. సెరిబ్రల్ పాల్సీకి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లని లక్షలు అడుగుతున్నారు. మన దేశంలో దానికి ఆమోదించిన చికిత్స కాదది. పొలం తాకట్టు పెట్టేవాళ్లని చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. ఆ డబ్బులో కొద్ది వంతు పెడితే ఆ బిడ్డకి ఏళ్ల తరబడి మాట సాధన చేయించవచ్చు. కోటప్పకొండకి మొక్కుకోండి, ఎవరొద్దన్నారు? మొక్కుతో పాటు సాధనా సాగించండి.

బుజ్జిగాడు ఇప్పుడు బడికెళుతున్నాడు. పొడుగు మాటల దగ్గర ఇంకా ఆగుతాడు, కొత్తవాళ్ల ముందు తగ్గుతాడు. వాళ్ల టీచర్ వాడిని మిగతా పిల్లల ముందు ఎక్కాలు ఒప్పజెప్పమనకుండా, దగ్గరికి పిలిచి విడిగా అడుగుతారు. అంత మాత్రం దయ ప్రతి బడిలోనూ ఉంటే చాలు. పూర్తిగా మామూలుగా మాట్లాడతాడా అని అడిగితే నేను జోస్యం చెప్పలేను. కానీ తనకి కావాల్సింది తానే అడుగుతున్నాడు, అలిగితే ఎందుకలిగాడో చెబుతున్నాడు.

అక్కలూ, మీ వీధిలో ఇలాంటి బిడ్డ ఉంటే ఈ వారమే ఆ తల్లి దగ్గరికి వెళ్లండి. "మొద్దు", "మూగోడు" అన్న పేర్లు పెట్టినవాళ్లని కేకలేయండి. పిల్లాడి మాటలు ఫోన్లో రికార్డు చేసిపెట్టండి. ఆశా అమ్మాయితో మాట్లాడి ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చే రోజు కనుక్కోండి. ఆ తల్లి ఒక్కరోజు కూలి పోతుందని వెనకాడుతుంటే, ఆ రోజుకి ఆమె సాలు మనం నలుగురం పంచుకుని కోసిపెడదాం. ఆమె బిడ్డని తీసుకుని ఆసుపత్రికి వెళ్లనీయండి.